మలేరియా టెస్ట్ నెగెటివ్ వచ్చింది, జ్వరం మాత్రం తగ్గలేదు

"మలేరియా కాదట, నెగెటివ్ వచ్చింది, నువ్వేం టెన్షన్ పడకు" అని బావ ఫోన్ చేసినప్పుడు నేనూ అమ్మయ్య అనుకున్నాను. 14 ఏళ్లుగా ల్యాబ్‌లో రక్తం స్లైడ్లు చూడటమే నా పని. అయినా ఆ మాట వినగానే ఇంకేం అడగాలనిపించలేదు. ఏ కిట్‌తో చేశారు, జ్వరం మొదలై ఎన్నో రోజు, స్లైడ్ కూడా వేశారా అని అడగాల్సింది. ఒక్కటీ అడగలేదు, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసుకి కష్టంగానే ఉంటుంది.

అక్కకి రోజు విడిచి రోజు జ్వరం వస్తూనే ఉంది. మధ్యాహ్నం దాదాపు అదే వేళకి చలి మొదలయ్యేది. దుప్పటి మీద దుప్పటి కప్పినా పళ్లు టకటకా కొట్టుకునేంత వణుకు, ఓ గంటకి ఒళ్లు కాలిపోవడం, ఆ తర్వాత బట్టలు పిండుకోవాల్సినంత చెమట. మర్నాడు లేచి మామూలుగా తిరిగేది కాబట్టి తగ్గిపోయిందనే అనుకున్నారు. మూడోసారి చలి వచ్చిన రోజు నేనే వెళ్లి ఉంగరం వేలు గుచ్చి, ఒకే గాజు పలక మీద మందంగా ఒక పూత, పల్చగా ఒక పూత వేసి తెచ్చుకున్నాను. గీమ్సా రంగు పట్టించి చూస్తే పల్చటి పూతలో అక్కడక్కడా మామూలు కంటే ఉబ్బిన ఎర్రకణాలు, వాటి నిండా సన్నటి గులాబీ చుక్కలు, మధ్యలో ఏ ఆకారమూ లేకుండా నీలంగా సాగిన పరాన్నజీవి. మలేరియాలో ఒక రకమైన వైవాక్స్. ఆ చుక్కలు, ఆ సాగిన ఆకారం కలిసి కనబడితే ఇక పెద్దగా సందేహం ఉండదు.

మరి కిట్ ఎందుకు నెగెటివ్ చూపించింది? అదృష్టం కొద్దీ బావ ఫోన్‌లో ఆ కిట్ ఫొటో ఉంది. చూడగానే అర్థమైంది. తెల్ల ప్లాస్టిక్ మీద కంట్రోల్ గీత దగ్గర సి అని, టెస్ట్ గీత దగ్గర టి అని రెండే అక్షరాలు, అంటే టెస్ట్ గీత ఒక్కటే. ఫాల్సిపేరం అనే ఒక్క రకం మలేరియాని మాత్రమే పట్టే కిట్ అది. అక్క ఒంట్లో ఉన్నది వైవాక్స్. కిట్ తనకి తెలిసిన ఒక్క ప్రశ్నకి సరైన జవాబే ఇచ్చింది, ఫాల్సిపేరం లేదని చెప్పింది. రిపోర్టు మీద మాత్రం "మలేరియా: నెగెటివ్" అని రాశారు.

అప్పటి నుంచి ఎవరైనా "ఈ ర్యాపిడ్ టెస్టులు ఎంత శాతం కరెక్టు?" అని అడిగితే నేను ఒక అంకె చెప్పి ఊరుకోలేకపోతున్నాను. శాతాలు ఉన్నాయి, వాటి గురించీ చెబుతాను. కానీ ఆ కిట్ దేన్ని వెతుకుతోందో తెలియకుండా శాతం తెలుసుకుని లాభం లేదు.

కిట్ పరాన్నజీవిని చూడదు, అది రక్తంలోకి వదిలిన ప్రోటీన్లను పసిగడుతుంది. లోపల ఉండేది ఒక కాగితం లాంటి పొర. ఆవగింజంత రక్తం, అంటే దాదాపు 5 మైక్రోలీటర్లు, ఒక గుంటలో పెట్టి పక్క గుంటలో బఫర్ చుక్కలు వేస్తాం. ఆ ద్రవం రక్తాన్ని పలుచన చేసి పొర వెంబడి లాక్కెళుతుంది. దారిలో అతి సూక్ష్మమైన బంగారు రేణువులు అంటించిన యాంటీబాడీలు ఉంటాయి, మనం వెతికే ప్రోటీన్ కనబడితే వీటికి అతుక్కుంటుంది. ముందుకెళ్లాక టెస్ట్ గీత దగ్గర అతికించి పెట్టిన యాంటీబాడీలు ఆ జంటను పట్టి ఆపేస్తాయి, రేణువులన్నీ అక్కడ పోగుపడి ఎర్రటి గీతగా కనిపిస్తాయి. సి గీత వచ్చిందంటే ద్రవం చివరిదాకా పాకిందని, ఆ గీత దగ్గరి రసాయనాలు పనిచేశాయని మాత్రమే అర్థం. రక్తం సరిపడా పడిందా లేదా అన్నది ఆ గీత చెప్పదు, చాలామంది చెబుతుందనుకుంటారు. అసలు రక్తమే వేయకపోయినా, బఫర్ ఒక్కటే వేసినా సి గీత రావచ్చు.

వెతికే ప్రోటీన్లు ముఖ్యంగా రెండు. హెచ్ఆర్‌పీ2 అనేది ఫాల్సిపేరం మాత్రమే తయారుచేస్తుంది, బాగా ఎక్కువగా తయారుచేస్తుంది. రెండోది పీఎల్‌డీహెచ్, ఇది అన్ని రకాల మలేరియా పరాన్నజీవుల్లోనూ ఉండే ఎంజైమ్. దీన్ని అన్నింటికీ ఉమ్మడిగా పట్టేలా, లేదా వైవాక్స్‌కి మాత్రమే అతికేలా గీత తయారుచేస్తారు. ఆల్డొలేజ్ అనే మూడోది వాడే కిట్లు కూడా ఉన్నాయి. అందుకే మార్కెట్లో ఒక గీత కిట్లు, రెండు గీతల కిట్లు, మూడు గీతల కిట్లు కనబడతాయి. బయటి నుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి, కానీ ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్న అడుగుతుంది.

ఇక ఎంత తక్కువ పరాన్నజీవులుంటే పట్టగలదు అన్నది. ఒక మైక్రోలీటర్ రక్తంలో 100 నుంచి 200 దాకా పరాన్నజీవులుంటే మంచి కిట్లు నమ్మకంగా పట్టుకుంటాయి. 200 అంటే తక్కువలా వినిపిస్తుంది కదా? పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం, అంటే 50 లక్షల మైక్రోలీటర్లు. దాన్ని 200తో గుణించి చూడండి, 100 కోట్లు. అన్ని కోట్లు ఒంట్లో తిరుగుతుంటేగానీ ఆ గీత మీద భరోసా పెట్టుకోలేం. జ్వరం మొదలైన మొదటి రోజు, ముఖ్యంగా ఇదివరకు మలేరియా రాని మనిషికి, అంతకంటే తక్కువలోనే చలి పుట్టవచ్చు. బాగా అలవాటున్న కళ్లు మైక్రోస్కోపులో ఇంకా తక్కువ సంఖ్యలో ఉన్నా పట్టగలవు, పరాన్నజీవి జన్యు పదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష అయితే మైక్రోలీటరుకి ఒకటి రెండు ఉన్నా పట్టేస్తుంది. వైవాక్స్‌తో ఇంకో చిక్కు, అది కొత్తగా పుట్టిన లేత ఎర్రకణాల్లోకే దూరుతుంది, అందుకే రక్తంలో దాని సంఖ్య సహజంగానే తక్కువగా ఉంటుంది. ఒవేల్ అనే ఇంకో రకం మలేరియాని అయితే చాలా కిట్లు సరిగ్గా పట్టవు.

ఇంత చెప్పినా స్లైడే గొప్పదని నేను అనడం లేదు. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగి రక్తంలో ఈ పరాన్నజీవిని మొదటిసారి కళ్లతో చూశాడు, అప్పటి నుంచి శతాబ్దం పైగా మైక్రోస్కోపే దిక్కు. మంచి స్లైడ్ వేయడానికి, సరిగ్గా రంగు పట్టించడానికి, ఆయిల్ లెన్స్ కింద ఓపిగ్గా 100 ఫీల్డులు (ఒక్కో చూపులో కనబడే భాగాలు) చూసి "లేదు" అనడానికి శిక్షణ పొందిన మనిషి కావాలి, కరెంటు కావాలి, టైం కావాలి. రోజుకి 80 స్లైడ్లు వచ్చే చోట ఎన్ని ఫీల్డులు చూస్తారో నాకు తెలుసు. 1990ల మొదట్లో ఈ స్ట్రిప్పులు వచ్చాక మారుమూల చోట్ల కూడా, మైక్రోస్కోపు ముఖం చూడని ఆరోగ్య కార్యకర్త కూడా, 20 నిమిషాల్లో జవాబు చెప్పగలుగుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో "జ్వరం వచ్చిన ప్రతివాళ్లకీ ఊరికే మలేరియా మందులివ్వకండి, ముందు టెస్ట్ చేయండి" అని అన్ని వయసులవాళ్లకీ చెప్పగలిగిందంటే ఈ కిట్లు ఉండబట్టే. ఒక విషయంలో కిట్ స్లైడుని మించిపోతుంది కూడా. ఫాల్సిపేరం ముదిరాక లోపలి అవయవాల్లో సన్నటి రక్తనాళాల గోడలకి అతుక్కుని దాక్కుంటుంది, గర్భిణుల్లో అయితే మాయలో (ప్లాసెంటాలో) చేరుతుంది. అప్పుడు వేలి నుంచి తీసిన రక్తంలో అది కనబడకపోవచ్చు. కానీ అది వదిలే హెచ్ఆర్‌పీ2 రక్తమంతా తిరుగుతూ ఉంటుంది, కిట్ దాన్ని పట్టుకోగలదు.

ఇప్పుడు శాతాలు. వైద్య అధ్యయనాలని సమీక్షించే కాక్రేన్ సంస్థ వాళ్లు 2011లో బోలెడన్ని అధ్యయనాలు కలిపి లెక్క తీశారు. ఫాల్సిపేరం ఉన్నవాళ్లలో హెచ్ఆర్‌పీ2 కిట్లు 94.8 శాతం మందిని పట్టాయి, లేనివాళ్లలో 95.2 శాతం మందికి సరిగ్గా నెగెటివ్ చూపించాయి. పీఎల్‌డీహెచ్ ఆధారంగా పనిచేసే కిట్ల రకం ఒకదానికి ఇవే అంకెలు 91.5, 98.7. అంటే ఒకటి ఎక్కువమందిని పడుతుంది, ఇంకోటి జబ్బు లేనివాళ్లని పొరపాటుగా పట్టడం తక్కువ.

95 శాతం అనగానే "పాజిటివ్ వస్తే 95 శాతం ఖాయం" అనుకుంటాం. అలా కాదు. మలేరియా జోరుగా ఉన్న సీజన్లో జ్వరంతో వచ్చిన 1000 మందిలో 300 మందికి నిజంగా ఉందనుకుందాం. 95 శాతం లెక్కన కిట్ 285 మందిని పడుతుంది, 15 మందిని వదిలేస్తుంది. మిగతా 700 మందిలో 35 మందికి లేకపోయినా గీత వస్తుంది. మొత్తం పాజిటివ్‌లు 320, అందులో 285 నిజం, ఫర్వాలేదు. అదే కిట్, అదే 95 శాతం, మలేరియా దాదాపు తగ్గిపోయిన చోట వాడండి. 1000 మందిలో 10 మందికే ఉంది. ఆ 10 మందిలో తొమ్మిదో పదో దొరుకుతారు, కానీ లేని 990 మందిలో 50 మంది దాకా పాజిటివ్ చూపిస్తారు. ఇప్పుడు గీత వచ్చిన ఆరుగురిలో ఒక్కళ్లకే నిజంగా మలేరియా. కిట్ మారలేదు, చేసే మనిషి మారలేదు, కానీ ఆ గీతకి అర్థం మారిపోయింది. ఈ ఒక్క లెక్క నేను కొత్తగా చేరిన ప్రతి టెక్నీషియన్‌తోనూ కాగితం మీద చేయిస్తాను.

లేకుండానే గీత ఎందుకొస్తుంది అంటే కారణాలు చాలా ఉన్నాయి. అన్నింటికంటే ఎక్కువగా కనబడేది పాత జబ్బు. మందులు వేసుకుని పరాన్నజీవులన్నీ చచ్చాక కూడా హెచ్ఆర్‌పీ2 రెండు మూడు వారాలు, ఒక్కోసారి నెల పైన రక్తంలో ఉండిపోతుంది. మా ల్యాబ్‌కి ఓ పిల్లవాణ్ణి తీసుకొచ్చారు, ఫాల్సిపేరానికి కోర్సు పూర్తయి 10 రోజులు, మళ్లీ జ్వరం. కిట్‌లో గీత కొట్టొచ్చినట్టు కనబడింది. మందు పనిచేయలేదని ఇంకో కోర్సు మొదలుపెట్టబోతుంటే నేను ఆగమని స్లైడ్ చూశాను, ఒక్కటంటే ఒక్కటి లేదు. ఊపిరి వేగంగా తీస్తున్నాడు, ఎక్స్‌రే తీస్తే న్యుమోనియా. ఆ గీతను నమ్మి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. పీఎల్‌డీహెచ్‌తో ఈ బాధ తక్కువ, పరాన్నజీవి చచ్చాక అది కొద్ది రోజుల్లోనే పోతుంది. మలేరియా ఏడాది పొడవునా ఉండే చోట్ల ఇంకో సంగతి, ఒంట్లో పరాన్నజీవులున్నా ఏ లక్షణమూ లేనివాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకి వేరే కారణంతో జ్వరం వచ్చినా కిట్ పాజిటివే. గీత నిజమే, జ్వరానికి కారణం మాత్రం వేరు. రక్తంలో రుమటాయిడ్ ఫ్యాక్టర్ (కీళ్లవాతం ఉన్నవాళ్లలో తరచూ కనబడే ఒక యాంటీబాడీ) ఉన్నవాళ్లకి కూడా కొన్ని కిట్లు లేని గీత చూపిస్తాయి.

ఉన్నా గీత రాకపోవడం నన్ను ఇంకా భయపెట్టే విషయం. తక్కువ సంఖ్య గురించి చెప్పాను. విచిత్రంగా, మరీ ఎక్కువైనా ఇబ్బందే. ప్రోటీన్ వరదలా ఉంటే రెండు వైపుల యాంటీబాడీలూ విడివిడిగా నిండిపోతాయి, జంటగా పట్టుకోవడానికి చోటుండదు, గీత పల్చబడుతుంది లేదా అసలు రాదు. ప్రోజోన్ అంటాం దీన్ని, హెచ్ఆర్‌పీ2 కిట్లలో చూశారు. మనిషి స్పృహ తప్పేలా ఉన్నా కిట్ నెగెటివ్ అయితే రక్తాన్ని సెలైన్‌తో పలుచన చేసి మళ్లీ చేయాలి, స్లైడ్ తప్పకుండా చూడాలి. గీత ముదురుగా ఉంటే జబ్బు ఎక్కువ, లేతగా ఉంటే తక్కువ అని లెక్కగట్టకూడదని కూడా ఇందుకే చెబుతాను. నిర్ణీత సమయంలో గీత ఎంత లేతగా కనబడినా అది పాజిటివే.

ఇంకా పెద్ద సంగతి, కొన్ని ఫాల్సిపేరం పరాన్నజీవులు హెచ్ఆర్‌పీ2 తయారుచేసే జన్యువునే పోగొట్టుకున్నాయి. 2010లో పెరూలోని అమెజాన్ ప్రాంతం నుంచి ఈ కబురు మొదట బయటికొచ్చింది. ఆ తర్వాత ఎరిట్రియాలో ఎంతగా కనబడిందంటే 2016లో ఆ దేశం హెచ్ఆర్‌పీ2 ఒక్కదాని మీదే ఆధారపడే కిట్లు మానేయాల్సి వచ్చింది. ఆలోచించి చూడండి, కిట్‌లో పట్టుబడినవాటికి మందు పడుతుంది, పట్టుబడనివి మందు తప్పించుకుని దోమ ద్వారా ఇంకొకరికి చేరతాయి. అంటే మన టెస్టే వాటిని ఏరి పెంచినట్టవుతుంది. ఈ జన్యువు పోవడం వల్ల తప్పిపోతున్న కేసులు 5 శాతం దాటితే ఆ దేశం వేరే రకం కిట్లకి మారాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

2008 నుంచి 2018 దాకా ఆ సంస్థ 8 విడతలుగా ఎన్నో కిట్లని ఒకే తూకంలో వేసి పరీక్షించింది. మైక్రోలీటరుకి 200 పరాన్నజీవులున్న నమూనాల మీద కిట్‌కీ కిట్‌కీ తేడా చాలా కనబడింది. 75 శాతం స్కోరు రావాలని హద్దు పెట్టారు. ఈ 75ని చూసి "నూటికి 25 మందిని వదిలేస్తుందన్నమాట" అని చదివినవాళ్లున్నారు, అది తప్పు. కావాలని తక్కువ పరాన్నజీవులున్న రక్తం మీద పెట్టిన కఠినమైన పరీక్ష అది. జ్వరంతో వచ్చే చాలామందికి అంతకంటే ఎక్కువే ఉంటాయి.

కిట్ మంచిదైనా చేతిలో పాడుచేసుకోవచ్చు. ఎండలో ఆగిన వ్యానులో గంటలకొద్దీ ఉన్న పెట్టె, ముందే చించి పెట్టుకున్న కవర్లు, తేమ పీల్చే పొట్లం రంగు మారినా వాడేయడం, ఇవన్నీ చూశాను. బఫర్ అయిపోతే సెలైన్ చుక్కో నీటి చుక్కో వేస్తారు, దాంతో లేని గీతలు పుడతాయి. ఒక కంపెనీ కిట్‌కి ఇంకో కంపెనీ బఫర్ వేయడం కూడా అంతే. టైం విషయంలో కిట్ మీద 15 అని ఉంటే 15 నిమిషాలు, 20 అని ఉంటే 20. ముందే చూసి పారేస్తే లేత గీత తప్పిపోతుంది, గంట తర్వాత తీరిగ్గా చూస్తే ఆరిపోయిన పొర మీద ఏదో నీడ గీతలా కనిపిస్తుంది. నేను కిట్ మీద పెన్నుతో టైం రాసి పెడతాను, గుర్తుంటుందిలే అని ఎప్పుడూ వదిలేయను.

ఇసుక ఈగ ద్వారా వచ్చే కాలా అజార్ అనే ఇంకో పరాన్నజీవి జ్వరం సంగతి కూడా ఒక్కమాట చెప్పాలి, ఎందుకంటే అక్కడ కిట్ వెతికేది పరాన్నజీవిని కాదు, దాని మీద మన ఒంట్లో పుట్టిన యాంటీబాడీలని. ఆర్‌కే39 అనే ఆ స్ట్రిప్ మీద కాక్రేన్ 2014లో తీసిన లెక్కలో భారత ఉపఖండంలో జబ్బున్నవాళ్లలో 97 శాతం మందిని పట్టింది, తూర్పు ఆఫ్రికాలో అదే స్ట్రిప్ 85.3 శాతమే. యాంటీబాడీలు జబ్బు నయమైన నెలల తర్వాత, ఏళ్ల తర్వాత కూడా ఉంటాయి. కాబట్టి జబ్బు తిరగబెట్టిందా అని దీంతో తేల్చలేం. ఆ జబ్బున్న ప్రాంతాల్లో ఏ రోగమూ లేనివాళ్లలో కొందరికి కూడా గీత వస్తుంది. అందుకే రెండు వారాలకి పైగా జ్వరం, ప్లీహం పెరగడం, ఈ రెండూ ఉన్నవాళ్లకే ఈ స్ట్రిప్ వాడమంటారు. ఎవరికి టెస్ట్ చేస్తున్నామన్నది కూడా టెస్టులో భాగమే.

అక్కకి వైవాక్స్ మందులు మొదలుపెట్టారు. వైవాక్స్ కాలేయంలో నిద్రపోయే రూపంలో దాక్కుంటుంది, దాన్ని ఏ కిట్టూ, ఏ స్లైడూ పట్టుకోలేవు, నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. దానికి ప్రైమాక్విన్ మాత్రలు వేయాలి, అవి వేసేముందు ఎర్రకణాలని కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం లేదని చూడాలి, లేకపోతే ఎర్రకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. ఆ టెస్ట్ బాగానే వచ్చింది, 14 రోజులూ ఒక్క మాత్ర కూడా మానకుండా వేసుకుంది. మళ్లీ చలి రాలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా కిట్‌తో నెగెటివ్ అంటే, అది ఏ రకాలని చూసే కిట్టో అడగండి, వీలైతే కిట్ ఫొటో తీసి పెట్టుకోండి. జ్వరం పోకపోతే రోజుకొకసారి చొప్పున రెండు మూడు రోజులు మళ్లీ టెస్ట్ చేయించండి, చలి వచ్చేదాకా ఆగక్కర్లేదు, స్లైడ్ కూడా వేయమని అడగండి. మత్తుగా పడి ఉంటే, ఊపిరి కష్టమైతే, ఫిట్స్ వస్తే కిట్ ఏం చెప్పినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. నా రిపోర్టుల్లో మాత్రం ఆ రోజు నుంచి "మలేరియా నెగెటివ్" అని రాయడం మానేశాను. "ఫాల్సిపేరం హెచ్ఆర్‌పీ2 గీత రాలేదు, వైవాక్స్ పీఎల్‌డీహెచ్ గీత రాలేదు, జ్వరం రెండో రోజు తీసిన రక్తం, మందపు పూతలో 100 ఫీల్డులు చూశాం, కనబడలేదు" అని రాస్తున్నాను. ఇంత పొడుగ్గా ఎందుకని ఒకరిద్దరు డాక్టర్లు అడిగారు. అక్క కిట్ ఫొటో ఇంకా నా ఫోన్‌లోనే ఉంది, అడిగినవాళ్లకి అదే చూపిస్తాను.